ఒకే తూకం, వేరు వేరు విలువ

పూజగూట్లో రాణీ బొమ్మ రూపాయి ఉందా? కరిగించేముందు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి

విజయవాడ వన్‌టౌన్‌లో ఏ వెండికొట్టుకైనా వెళ్ళి మూడు పాత రూపాయి బిళ్ళలు తూకం వేయించండి. ఒకటి 1901 నాటి విక్టోరియా రాణిది. రెండోది 1939 నాటి ఆరో జార్జిది. మూడోదీ ఆరో జార్జిదే, కాకపోతే 1945ది. పెద్దగా అరగకపోతే మూడూ 11.66 గ్రాములే తూగుతాయి. పాత లెక్కలో సరిగ్గా ఒక తులం. త్రాసుకి తేడా తెలియదు. కానీ మొదటిదాంట్లో 91.7 శాతం వెండి ఉంది, మూడోదాంట్లో సగమే ఉంది. రెండోది అసలుదైతే వెండి ధరతో పనే లేదు, లక్షల్లో మాట్లాడాలి. మార్చి చేసిందైతే వెండి విలువ దాటి ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు.

పాత నాణేల విషయంలో మన జిల్లాల్లో రెండు నమ్మకాలు పాతుకుపోయాయి. పాతదైతే చాలు కోట్లు పలుకుతుందన్నది ఒకటి. పాత వెండి ఏదైనా కరిగించి పట్టీలు చేయించుకోవడానికే అన్నది రెండోది. మొదటి నమ్మకం మనిషిని మోసగాళ్ళ చేతికి అప్పగిస్తుంది. రెండోది నాణేన్నే లేకుండా చేస్తుంది. నన్నడిగితే రెండో నమ్మకం చేసిన నష్టమే పెద్దది. పోయిన డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు, మూసలో పడిన నాణేన్ని ఎవరూ తిరిగి తేలేరు.

డెల్టాకు చేరిన వెండి

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ దాని కోసం పట్టుబట్టాడు, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఛార్లెస్ ఓర్. కాలవలు పారాక వరి పండింది, వరి అమ్మితే వెండి వచ్చింది. బ్యాంకు గుమ్మం ఎరగని రైతుకు రూపాయి బిళ్ళలే డిపాజిట్టు. మిగిలినవి కుండలో పెట్టి గోడలోనో, గాదె కిందో దాచాడు. ఇంకా మిగిలితే కంసాలికిచ్చి కడియాలు, మొలతాళ్ళు చేయించాడు. అలా చేయించడం అప్పట్లో పిచ్చిపని కాదు. రూపాయి విలువ చాలావరకు అందులో ఉన్న వెండి విలువే కాబట్టి, నాణెంగా ఉన్నా నగగా ఉన్నా ఇంట్లో ఆస్తి తగ్గేది కాదు. ఎవరైనా సరే వెండి తీసుకెళ్ళి టంకశాలకిస్తే రుసుము పట్టుకుని రూపాయలు కొట్టి ఇచ్చేవారు.

1893 జూన్‌లో ప్రభుత్వం ఆ సదుపాయాన్ని ఎత్తేసింది. ప్రపంచంలో వెండి ధర పడిపోతుంటే రూపాయి విలువను నిలబెట్టడానికి చేసిన పని అది. ఆ నిర్ణయం ఈ రోజుకీ మన చేతిలో ఉన్న బిళ్ళల మీద కనిపిస్తుంది. 1897 తేదీతో ఉన్న విక్టోరియా రూపాయలు అరుదు, సేకర్తలు వెతుక్కుంటారు. మళ్ళీ ప్రభుత్వమే తన లెక్కన ముద్రణ పెంచిన 1900, 1901 రూపాయలు మాత్రం ఎక్కడ చూసినా ఉంటాయి. నాలుగేళ్ళ తేడాతో ఒకే రాణి, ఒకే వెండి, ఒకే అచ్చు. ధరలో మాత్రం పోలికే లేదు.

రూపాయి బరువు తులం కావడంతో కొట్లలో అదే తూకంరాయి అయింది. మూడు రూపాయల ఎత్తు పలం, 24 రూపాయల ఎత్తు శేరు, 120 రూపాయల ఎత్తు వీశె. అరిగిన రూపాయితో తూస్తే కొనేవాడికి నష్టం, అరిగిన రూపాయి తీసుకుంటే అమ్మేవాడికి నష్టం. 1870, 1906 నాణేల చట్టాలు కూడా దీనికి ఒక హద్దు పెట్టాయి. రెండు శాతానికి మించి తూకం తగ్గిన రూపాయిని తీసుకుతీరాలన్న నిర్బంధం లేదు. అంటే 11.43 గ్రాముల కిందకు దిగిందంటే దాని చెల్లుబాటు పోయినట్టే. ఈనాటి సేకర్త అరుగుదల గురించి పట్టే పట్టు కొత్తదేం కాదు, ఆనాటి షరాబు కూడా అదే చూసేవాడు. ఆయన కారణం వేరు, అంతే.

బందరు అచ్చులు

అసలు మన డెల్టాలోనే టంకశాల ఉండేదన్న సంగతి చాలామందికి తెలియదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక మచిలీపట్నంలో మొఘల్ రూపాయలు తయారయ్యాయి. అంతకుముందు ఈ ప్రాంతంలో బంగారు వరహా, రాగి కాసు రాజ్యమేలేవి. 1750లో బందరు ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ కోటను పట్టుకోవడంతో ఇంగ్లీషువారిదైంది. జెండా రెండుసార్లు మారినా రూపాయి మీద మాత్రం ఢిల్లీ పాదుషా పేరే కొనసాగింది. జనం నమ్మేది ఆ పేరునే. కుంఫిణీవాళ్ళు వ్యాపారులు, జనం నమ్మకంతో పేచీ పెట్టుకోరు.

మరి ఏది మొఘలులది, ఏది ఫ్రెంచిది, ఏది కుంఫిణీది? పార్శీ లిపిలో ఉన్న ఊరి పేరు, హిజ్రీ సంవత్సరం, పాదుషా ఏలుబడిలో ఎన్నో ఏడు అన్న అంకె, అక్షరాల మధ్య దూర్చిన చిన్న గుర్తు, ఈ నాలుగే ఆధారాలు. బందరు రూపాయల మీద త్రిశూలం గుర్తు ప్రసిద్ధం. చెన్నపట్నంలో కుంఫిణీ కొట్టిన ఆర్కాటు రూపాయల మీద తామర, పుదుచ్చేరిలో ఫ్రెంచివారు కొట్టిన ఆర్కాటు రూపాయల మీద నెలవంక ఉంటాయి. ఆర్కాటు పేరున్న ప్రతిదీ ఆర్కాటులో తయారైంది కాదన్నమాట. పార్శీ చదవడం రాకపోయినా ఆ తామరను, నెలవంకను గుర్తుపట్టడానికి ఒక సాయంత్రం చాలు.

ఈ చేతి అచ్చు రూపాయలకు ఒక చిక్కుంది. అచ్చుదిమ్మె పెద్దది, వెండిబిళ్ళ చిన్నది. సుత్తితో కొట్టినప్పుడు బొమ్మంతా పడదు. ఒకదాని మీద ఊరి పేరు సగమే పడుతుంది, ఇంకోదాని మీద సంవత్సరం బిళ్ళ దాటి పోతుంది. అందుకే ఒకే ఏడు, ఒకే ఊరి రూపాయలు రెండింట్లో ఊరిపేరూ సంవత్సరమూ పూర్తిగా పడిన దానికి ఎక్కువ ధర. దానికి తోడు షరాబులు వెండి స్వచ్ఛత చూసుకోవడానికి ఉలితో గాట్లు పెట్టేవారు, తమ తమ ముద్రలు గుద్దేవారు. ఆ గాట్లున్నవాటికి మామూలుగా ధర తగ్గుతుంది. నాకు మాత్రం గాట్లున్న నాణెం మీదే మక్కువ. ఎన్ని చేతులు దాన్ని అనుమానించాయో అందులో కనపడుతుంది.

తెలుగు అక్షరాలున్న వెండి నాణెం చూడాలని ఉన్నవాళ్ళు చెన్నపట్నం టంకశాల నాణేలు వెతకాలి. 19వ శతాబ్దం మొదటి దశాబ్దం చివర్లో అక్కడ అర వరహా, పావు వరహా వెండి నాణేలు తయారయ్యాయి. ఒకవైపు గోపురం, చుట్టూ నక్షత్రాలు. రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ చుక్కలు. నాణెం విలువను ఇంగ్లీషు, పార్శీ, తమిళం, తెలుగు లిపుల్లో రాశారు. కొన్ని అర వరహాలను వాడుకలో ఉన్న స్పెయిన్ డాలర్ల మీదే మళ్ళీ అచ్చు కొట్టి చేశారు. వెలుగుకి వాలుగా పట్టి చూస్తే కొన్నింట్లో గోపురం కింద పాత స్పెయిన్ అక్షరాలు లీలగా తేలతాయి. అలా కనిపిస్తే సేకర్తకు పండగ.

చెన్నపట్నం టంకశాల 1869లో మూతపడింది. ఆ తర్వాత మన చేతికొచ్చిన బ్రిటిష్ రూపాయలన్నీ కలకత్తా లేదా బొంబాయివి. చివర్లో లాహోరు ఒకటి చేరింది.

వెనకవైపు, అడుగున

ఇక అసలు సంగతి. భూతద్దం తీసుకోండి, పదింతలు పెద్దగా చూపించేదైతే మంచిది.

1835లో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చింది. నాలుగో విలియం బొమ్మది. కలకత్తాలో తయారైన వాటిలో రాజు మెడ అంచున ఎఫ్ అన్న అక్షరమో, ఆర్ఎస్ అన్న అక్షరాలో కనిపిస్తాయి. ఎఫ్ అంటే టంకశాల అధిపతి ఫోర్బ్స్. కలకత్తా వెండి టంకశాల భవనానికి, అక్కడి సెయింట్ పాల్స్ కెథడ్రల్‌కీ నమూనా గీసింది కూడా ఆయనే. ఆర్ఎస్ ఆయనకు ముందు ఆ పదవిలో ఉన్న సాండర్స్. 1840 తేదీ ఉన్న విక్టోరియా రూపాయల్లో రెండు రకాలున్నాయి. రాణి పేరు తల చుట్టూ ఏకధాటిగా సాగేది ఒకటి, తలకు అటూ ఇటూ విడిపోయి ఉండేది రెండోది. దాని వెనక పూలదండలో పళ్ళు లెక్కపెట్టి రకాలు తేల్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ స్థాయి ఓపిక అందరికీ అక్కర్లేదు.

1862 అని ఉన్న రూపాయి 1862లోనే తయారైందని మాత్రం నమ్మకండి. ఆ తేదీని 1874 దాకా మార్చకుండా అచ్చేశారు. మరి ఏ ఏటిదో ఎలా తెలియాలి? బొంబాయి వాళ్ళు దానికి ఒక ఉపాయం పన్నారు. తేదీకి కింద, కొన్నింట్లో పైన కూడా, చిన్న చిన్న చుక్కలు పెట్టారు. ఆ చుక్కల లెక్కే ఏడాది లెక్క. మామూలు కంటికి దుమ్ములా కనిపించే ఆ చుక్కల మీద సేకర్తల ప్రపంచంలో పుస్తకాలే వచ్చాయి. కొన్ని చుక్కల అమరికలు విరివిగా దొరుకుతాయి, కొన్ని అంత తేలిగ్గా దొరకవు. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేది ఈ 1862 రూపాయే కాబట్టి, అదృష్టం ఉంటే గింటే ఇక్కడే ఉంది.

1874 తర్వాత ఏ ఏటి తేదీ ఆ ఏటికే వచ్చింది. 1877 నుంచి రాణి కాస్తా చక్రవర్తిని అయింది. ఈ కాలం రూపాయల్లో వెనకవైపు అడుగున ఉన్న పువ్వు దగ్గర చూడండి. బి అన్న అక్షరం ఉబ్బెత్తుగానో, లోపలికి చెక్కినట్టుగానో ఉంటే బొంబాయి. ఏమీ లేకపోతేనో, లోపలికి చెక్కిన సి ఉంటేనో కలకత్తా. ఏడో ఎడ్వర్డు రూపాయిల్లో (1903 నుంచి 1910) ఆ బి స్థానం మారింది. వెనకవైపు పైనున్న కిరీటంలో, శిలువ కింద ఖాళీలో దాక్కుంటుంది. అయిదో జార్జి కాలానికి అక్షరం పోయి చుక్క వచ్చింది. అడుగున తామరపువ్వు కింద ఉబ్బెత్తు చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా.

అయిదో జార్జి మొదటి రూపాయి, 1911ది, ఒక వింత కారణంగా పేరుపడింది. రాజు ధరించిన హారంలో ఏనుగు బొమ్మ ఉంది. చెక్కినవాడి చేతివాటానికి అది పందిలా కనపడిందని ముస్లింలు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కి తీసుకుని, తొండం స్పష్టంగా దిద్ది 1912లో కొత్తవి వదిలింది. సేకర్తలు ఇప్పటికీ దాన్ని పంది రూపాయి అనే అంటారు. దానికి పూర్తి విరుద్ధం 1918, 1919 రూపాయలు. మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరువొచ్చి, అమెరికా నుంచి వెండి కొని తెచ్చి మరీ కొట్టారు. ఒక్కో టంకశాలలో ఏడాదికి 20 కోట్ల పైమాటే. నూరేళ్ళు దాటాయి కదా అని వీటికి పెద్ద ధర అడగడం అమాయకత్వం. అదే 1921, 1922 తేదీలుంటే ఆగి చూడాలి. అవి బొంబాయివే, సంఖ్యా తక్కువే.

1940 నుంచి వెండి సగానికి దిగింది. 50 శాతం వెండి, 40 శాతం రాగి, మిగతా పది శాతం నికెలూ తుత్తునాగమూ చెరిసగం. అంచు చూస్తే తెలిసిపోతుంది, అడ్డగీతల మధ్య చుట్టూ ఒక సన్నని గాడి నడుస్తుంది. దొంగనాణేలవాళ్ళకు చిక్కు పెట్టడానికి చేసిన ఏర్పాటది. యుద్ధం రోజుల్లో 1943లో లాహోరులో కూడా టంకశాల తెరిచారు. ఎల్ అక్షరం ఉంటే అక్కడిది. 1947 నాటికి వెండే పోయింది. పులి బొమ్మ ఉన్న ఆ రూపాయి నికెలుది, అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. దాన్ని వెండి అని దాచుకున్న ఇళ్ళు ఎన్నో.

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన వెండిని మరిచిపోకండి. 1969లో గాంధీ శతజయంతికి వచ్చిన పది రూపాయల బిళ్ళ 15 గ్రాములు, అందులో 80 శాతం వెండి. అంటే 12 గ్రాములు. విక్టోరియా రూపాయిలో ఉన్నది 10.69 గ్రాములే. బొంబాయిది వజ్రం గుర్తుతో, కలకత్తాది ఏ గుర్తూ లేకుండా వచ్చింది. చాలామంది దీన్ని ఏదో మెడల్ అనుకుని పిల్లల ఆటసామానులో పడేశారు.

ఎల్లలకు అవతలి సిక్కా

కృష్ణా జిల్లా ఇళ్ళల్లో చార్మినారు బొమ్మ ఉన్న రూపాయలు కూడా దొరుకుతాయి. ఆశ్చర్యమేం లేదు. జగ్గయ్యపేట దాటితే నైజాము రాజ్యం. మునగాల పరగణా అయితే నైజాము మధ్యలో ఉంటూనే కృష్ణా జిల్లాకి చెందేది. 1889లో నైజాము రైలు బెజవాడ దాకా వచ్చింది. ఆ రైల్లో సరుకుతో పాటు సిక్కాలూ వచ్చాయి. అక్కడిది హాలీ సిక్కా, ఇక్కడిది కల్దారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు స్థూలంగా మారకం. వెండి కూడా తక్కువే, 11.18 గ్రాముల తూకంలో 81.8 శాతం.

వీటిని చదవడం బ్రిటిష్ రూపాయి కన్నా సరదాగా ఉంటుంది. చార్మినారు గుమ్మంలోకి చూడండి. అక్కడ మీమ్ అక్షరం ఉంటే మహబూబ్ అలీఖాన్‌ది, అయిన్ ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది. తేదీ హిజ్రీలో ఉంటుంది. దాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే మన లెక్కకు దగ్గరగా వస్తుంది. 1330 అని ఉంటే 1912 అన్నమాట. హైదరాబాదు సైఫాబాద్‌లో 1903లో మొదలైన టంకశాల భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది, చూడదగ్గది. స్వతంత్ర భారత నాణేల మీద తేదీ కింద నక్షత్రం కనిపిస్తే అది హైదరాబాదు ముద్రే.

అరుగుదల లెక్క

గుర్తు సగం కథ. మిగతా సగం ఆ నాణెం ఎంత వాడబడిందన్నది. నాణెం అంతా ఒకేలా అరగదు. ఎత్తైన చోట్లు ముందు పోతాయి. విక్టోరియా రూపాయిలో చెవి పైన జుట్టు పాయలు, కిరీటంలో రత్నాలు, రవికె మీద అల్లిక చూడాలి. అల్లికలో పూలు విడివిడిగా కనపడితే మంచి స్థితి. చదునైపోయి ముఖం నీడలా మిగిలితే వెండి ధరే. ఎడ్వర్డుకు తలపాగా గానీ కిరీటం గానీ లేవు, బోడితల. చెవి మీది వెంట్రుకలు, మీసం చూడాలి. అయిదో జార్జిలో హారం మీది ఏనుగే కొలత. ఏనుగు కళ్ళూ కాళ్ళూ తేటగా ఉంటే ఆ నాణెం పెద్దగా చేతులు మారలేదు.

ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అంటూ వేలంపాటల్లో వాడే మెట్లు ఇవే. 1 నుంచి 70 దాకా అంకెలు వేసే పద్ధతి 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ పెట్టాడు. అసలు ఆయన ఉద్దేశం అమెరికా పాత రాగి సెంట్ల గురించే. 70 వచ్చిన నాణెం 1 వచ్చినదానికి 70 రెట్లు పలకాలన్నది ఆయన ఊహ. ధరల పోలిక ఎప్పుడో తప్పింది, అంకెలు మాత్రం ప్రపంచమంతా నిలిచాయి. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాల్లో సీలు వేసి ఆ అంకె ముద్రించి ఇచ్చే కంపెనీలున్నాయి. వెయ్యి రూపాయల నాణేనికి ఆ ఖర్చు దండగ. 1939 రూపాయి లాంటిదాన్ని అది లేకుండా కొనడం సాహసం.

ఇక్కడ మన ఇళ్ళ ఆచారం ఒకటి నాణేల పాలిట శాపంగా మారింది. వరలక్ష్మీ వ్రతానికీ, దీపావళి లక్ష్మీపూజకీ ముందు రూపాయి బిళ్ళను చింతపండుతో తోమి, ముగ్గుపిండితోనో విభూతితోనో మెరిపిస్తారు. భక్తిలో తప్పు లేదు. కానీ ప్రతి తోముడూ వెండి పైపొరను గీకేస్తుంది. టంకశాల నుంచి వచ్చిన నాణెం పైన సన్నని మెరుపు ఉంటుంది. వాలుగా తిప్పితే ఆ వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. ఒక్కసారి తోమితే అది పోతుంది, మళ్ళీ రాదు. ఆ తర్వాత వచ్చే మెరుపు గీతల మెరుపు, భూతద్దంలో అడ్డదిడ్డంగా కనిపిస్తుంది. సేకర్త దాన్ని చూడగానే ధర సగానికి కోస్తాడు. తీరప్రాంతపు తేమగాలికి వెండి నల్లబడడం సహజం. ఆ నలుపును వదిలేయండి, నిదానంగా పట్టిన నీలి, ఊదా రంగు ఛాయలకు అదనంగా ఇచ్చేవాళ్ళున్నారు. పూజకు బజార్లో దొరికే కొత్త వెండి బిళ్ళ వాడుకోండి, లక్ష్మీదేవికి అభ్యంతరం ఉండదు.

కొక్కెం టంకం పెట్టించి మెళ్ళో వేసుకున్నవి, చిల్లు పొడిచినవి కూడా చాలా ఇళ్ళల్లో ఉంటాయి. వాటికి వెండి ధర మించి ఆశించొద్దు, అరుదైన తేదీ అయితే తప్ప. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో, రబ్బరుబ్యాండు కట్టి దాచడం కూడా ప్రమాదమే. ఆ ప్లాస్టిక్ నుంచి పచ్చటి జిగురు ఊరుతుంది, రబ్బరులోని గంధకం నల్లటి మచ్చ వేస్తుంది. మందపాటి కాగితం కవర్లు చాలు.

ధర ఎలా కట్టాలి

ముందు వెండి లెక్క. లెక్క తేలికకు కిలో వెండి లక్ష రూపాయలనుకుందాం, గ్రాము వంద. విక్టోరియా నుంచి 1938 దాకా బ్రిటిష్ రూపాయిలో వెండి విలువ 1,069. 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటికి 583. 81.8 శాతం హాలీ సిక్కాకు 914. గాంధీ బిళ్ళకు 1,200. మీరు వెళ్ళిన రోజు ధర ఏదైతే అది పెట్టి హెచ్చించుకోండి. ఇది నేల. దీనికన్నా తక్కువకు ఇవ్వమంటే బయటికి వచ్చేయండి. టచ్ తక్కువ, తరుగు ఉంటుంది అంటూ కోతలు పెట్టేవాడికి ఈ లెక్క కాగితం మీద చూపించండి. ప్రభుత్వం అచ్చేసిన నాణెం స్వచ్ఛత చట్టంలో రాసి ఉంది, గీటురాయితో తేల్చాల్సింది కాదు.

ఆ నేల మీద ఎంత ఎత్తు కట్టాలన్నది మూడు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. ఆ ఏడు, ఆ టంకశాలలో ఎన్ని తయారయ్యాయి? అందులో ఎన్ని మిగిలాయి? మీ దగ్గరున్నది ఎంత బాగుంది? రెండో ప్రశ్నే కష్టం. కరిగింది ఎంతో ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే నిజంగా అమ్ముడైన వేలంపాటల ధర చూడాలి తప్ప, ఆన్‌లైన్లో ఎవడో రాసిపెట్టిన ధర కాదు. అడిగే ధరకు లెక్కా పత్రం ఉండదు.

1939 రూపాయి దగ్గర మరీ జాగ్రత్త. అసలువి బయటికి వచ్చినవి చాలా తక్కువ. 1938 రూపాయిలో చివరి ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసినవి ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. తూకం సరిపోతుంది, వెండి సరిపోతుంది, రాజూ సరైనవాడే. భూతద్దంలో చివరి అంకె చుట్టూ ఉలి గీతలుంటే, ఆ చోటు మిగతా నేలకన్నా పల్లంగా ఉంటే, దండం పెట్టి వచ్చేయండి. పోతపోసిన నకిలీలు ఇంకా సులువు. అంచున అతుకు గీత, పైన గాలిబుడగల గుంటలు, అక్షరాల కొసల్లో మెత్తదనం వాటిని పట్టిస్తాయి. నీటిలో ముంచి చూసినా తెలుస్తుంది. 11.66 గ్రాముల అసలు రూపాయి 1.13 మిల్లీలీటర్ల నీటిని పక్కకు నెడుతుంది, తగరమో నికెలో కలిసిన నకిలీ అంతకన్నా ఎక్కువ నెడుతుంది.

రైస్ పుల్లింగ్ మాయ

మన రెండు రాష్ట్రాల్లో ఏటా ఎవరో ఒకరు ఈ ఉచ్చులో పడుతూనే ఉన్నారు. పాత నాణేనికో, రాగి చెంబుకో బియ్యపుగింజలు లాక్కునే శక్తి ఉందని, అంతరిక్ష సంస్థలు కోట్లిచ్చి కొంటాయని చెప్పి లక్షలు గుంజుతారు. పరీక్షకు ఫీజు, శాస్త్రవేత్తకు టికెట్టు, అనుమతి కాగితాలకు ఖర్చు అంటూ సాగుతుంది. ఏ నాణేనికీ బియ్యాన్ని లాగే శక్తి లేదు. వెండికి ఇనుమును లాగే శక్తి కూడా లేదు. ఈస్టిండియా కంపెనీ పేరుతో, రాముడో హనుమంతుడో బొమ్మలతో, 1818 తేదీ వేసి తిరుగుతున్న బిళ్ళలు కుంఫిణీ ఏనాడూ తయారుచేయలేదు. అవి గుడి టోకెన్ల పేరుతో ఎవరో పోసిన ఊహానాణేలు. కుంఫిణీ అచ్చేసిన దేవుడి బొమ్మ నాణెం కావాలంటే పైన చెప్పిన చెన్నపట్నం వరహా ఉంది, అది చాలు. పాత నాణేలు కొంటామంటూ కమిషన్లు, పన్నులు కట్టమని అడిగే ఆన్‌లైన్ ముఠాల గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరిక జారీ చేసింది. రిజర్వు బ్యాంకు పాత నాణేల వ్యాపారం చేయదు.

నేలలో దొరికితే

డెల్టాలో చేపల చెరువు తవ్వినా, ఇటుకబట్టీకి మట్టి తీసినా ఏదో ఒకటి బయటపడుతుంది. అమరావతిలో దొరికిన ముద్రాంకిత వెండి నాణేల నిధి ఏడువేలకు పైగా నాణేలది. వాటిని పరమేశ్వరీలాల్ గుప్తా పరిశీలించి రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం 1963లో ప్రచురించింది. ఒక్కోటి మూడున్నర గ్రాముల లోపు వెండిముక్క, ముందువైపు సూర్యుడు, ఆరు ఆకుల చక్రం, కొండ లాంటి అయిదు ముద్రలు. రాజు పేరుండదు, తేదీ ఉండదు. ఏ ముద్రలు ఏ ముద్రలతో కలిసి వచ్చాయన్నదే వాటి చరిత్ర. అందుకే ఆ నిధి అంతా ఒక్కచోట ఉంటేనే అది మాట్లాడుతుంది. పదిమంది పంచుకుపోతే మిగిలేది చిల్లర వెండి.

1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే, మరో ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి మూడు వంతులు, నేల యజమానికి నాలుగో వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. చరిత్ర విలువకు ఈ అయిదో వంతు ఏ మూలకూ రాదు. రైతులు చెప్పకుండా కరిగించేసుకోవడానికి భయంతో పాటు ఇదీ ఒక కారణమే. చట్టాన్ని మార్చాలి, మార్చేదాకా పాటించాలి. చెప్పకుండా దాచడం నేరం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న పిల్లలకు తాతగారి గుర్తుగా విక్టోరియా రూపాయి పంపేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

చూడాలనుకునేవాళ్ళకు విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది, 1887లో విక్టోరియా జూబిలీ పేరుతో మొదలైన భవనం. పిల్లల్ని తీసుకెళ్ళండి, ముందు ఇంట్లో ఉన్న బిళ్ళ మీద చుక్క ఎక్కడుందో వాళ్ళ చేతే వెతికించండి.

ఈసారి ట్రంకుపెట్టె తెరిచినప్పుడు నాణేలను తోమకండి. ఒక్కోదాన్ని అంచులు పట్టుకుని తీసి, తూకం వేసి, రెండువైపులా ఫొటో తీయండి. తేదీ, గుర్తు, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏ ఊళ్ళో దొరికింది, అన్నీ చిన్న చీటీ మీద రాసి నాణెంతో పాటు కవర్లో వేయండి. అమ్మాలనుకుంటే కనీసం ఇద్దరు సేకర్తలకు చూపించాకే అమ్మండి. అప్పుడు కూడా ఆ చీటీ నాణెంతోనే ఇచ్చేయండి.